దాది దారంలో చివరి ముడి

"కారు కొంటున్నం."

బాబూరావు చెప్పులు కూడా విప్పకుండా గడపలో నిలబడి ఈ మాట అన్నాడు. అప్పుడు ఇంట్లో అందరూ మధ్యాహ్నం అన్నాల దగ్గరున్నారు. కూతురు పద్మప్రియ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అమ్మ ప్రమీల పప్పు గరిటె పట్టుకుని అలాగే చూసింది. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చున్న దాది మాత్రం రైకకు అద్దం కుట్టడం ఆపలేదు.

"మరి నా కుర్చీ దాంట్ల పడ్తదా?" అని అడిగింది.

"పడేదే కొందాం యాడీ. అందుకే గదా కొనేది," అన్నాడు బాబూరావు.

యాడి అంటే వాళ్ల లంబాడీ భాషలో అమ్మ. దాది అంటే నాన్నమ్మ. ఆ దాది పేరు మంగ్లి.

బాబూరావు మణుగూరు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. పినపాక నుంచి రోజూ బైకు మీద డ్యూటీకి పోయి వస్తాడు. దాదిని బైకు ఎక్కించే వీలు లేదు. జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి ఆ మడత కుర్చీయే ఆమెకు కాళ్లు.

పోయిన ఏడు తీజ్ పండుగకు అడవి అంచున ఉన్న పాత తండాకు ఆటోలో పోయారు. కుర్చీకి చోటు లేక ఇంట్లోనే వదిలేశారు. తీజ్ అంటే పెళ్లికాని ఆడపిల్లల పండుగ. బుట్టల్లో గోధుమలు చల్లి, నీళ్లు పోసి, పాటలు పాడుతూ మొలకలు పెంచుతారు. చివరి రోజు ఆ మొలకల్ని వాగులో కలుపుతారు. తండా తండా అంతా వాగుకు పోయింది. దాది మాత్రం గుడిసె ముందు నులకమంచం మీద కూర్చొని, దూరం నుంచి వచ్చే పాట విన్నది. సాయంత్రం అందరూ తిరిగొచ్చాక, పాటలో ఒక చరణం మరిచిపోయిన్రు అని మాత్రం అన్నది. ఆ చరణం ఆమెకు తప్ప ఎవరికీ రాదు.

ఈ ఏడు పద్మప్రియ మొదటిసారి బుట్ట పట్టబోతోంది. దాది కుడుతున్న అద్దాల రైక ఆమె కోసమే.

అన్నాలయ్యాక బాబూరావు కుర్చీని కొలవడానికి టేపు వెతికాడు. అది దొరికేలోపే దాది తన డబ్బాలోంచి ఎర్ర దారం తీసింది. ఆమెకు టేపుతో పనిలేదు. రైకలు, లంగాలు, బడి చొక్కాలు, ఏది కుట్టినా దారంతోనే కొలిచేది. ఆమె మంచం మీదికి మారాక ప్రమీల కుర్చీని మడిచి పట్టుకుంది. దాది దారం పెట్టి మూడు ముడులు వేసింది. మొదటి ముడి కుర్చీ మందం. రెండోది ఎత్తు. చివరిది పొడుగు. ముడులన్నీ జొన్న గింజల్లా గుండ్రంగా, బిగువుగా ఉన్నాయి.

"ఇది పోగొట్టకు బిడ్డా," అని దారాన్ని పద్మప్రియ మణికట్టుకు చుట్టింది.

మర్నాడు తండ్రీకూతుళ్లు పొద్దున్నే బస్సెక్కి ఖమ్మం పోయారు. షోరూంలోకి అడుగుపెట్టగానే పద్మప్రియకు చల్లటి గాలి, కొత్త సీట్ల వాసన కలిసి ముఖానికి తగిలాయి. నేల ఎంత మెరుస్తోందంటే తన జడ రిబ్బన్లు కూడా అందులో కనబడుతున్నాయి.

బాబూరావు ముందు తెల్ల కారు దగ్గరికి నడిచాడు. అది పొడుగ్గా, నలుచదరంగా బియ్యం డబ్బా పక్కకు పడుకున్నట్టుంది. పద్మప్రియకు ఏమాత్రం నచ్చలేదు. ఆమె కళ్లు ఆ మూలనున్న ఎర్ర చిన్న కారు మీద పడ్డాయి. దానికి పైకప్పులో అద్దాల కిటికీ ఉంది. షోరూం అన్న ఒక మీట నొక్కితే ఆ కిటికీ మెల్లగా జరిగి తెరుచుకుంది.

పద్మప్రియ గుండె కూడా అలాగే తెరుచుకుంది.

క్లాసులో పవన్ వాళ్ల కారుకు ఇలాంటి కిటికీయే ఉంది. వాన పడుతుంటే సీటు మీద పడుకొని చినుకులు చూస్తానని వాడు రోజూ చెబుతాడు. ఇక రేపటి నుంచి తనూ చెప్పొచ్చు.

బాబూరావు కూతురి ముఖం చూసి నవ్వాడు. ఎర్రదే అయితే ఏం, కుర్చీ పడితే అదే తీసుకుందామన్నాడు. "డిక్కీ కొలిచి చూడు తల్లీ," అని చెప్పి కాగితాల సంగతి అడగడానికి టేబుల్ దగ్గరికి పోయాడు.

పద్మప్రియ డిక్కీలోకి వంగింది. మందం సరిపోయింది. ఎత్తు కూడా ఎలాగో సరిపోయింది. పొడుగు దగ్గరే వచ్చింది చిక్కు. చివరి ముడి నాలుగు వేళ్ల మేర బయటికి వచ్చేసింది. దారాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ముడి బయటే ఉంది.

నాలుగు వేళ్లే కదా అనుకుంది. దాది కొంచెం వదులుగా కొలిచిందేమో అనుకుంది. ఒకసారి వెనక్కి చూసింది. ఎవరూ తన వైపు చూడటం లేదు. గోళ్లతో ఆ ముడిని విప్పింది. నాలుగు వేళ్లు లోపలికి జరిపి మళ్లీ ముడి వేసింది.

"పడ్తది నాన్నా," అన్నది.

మళ్లీ కొలుస్తాడేమోనని గబగబా దారాన్ని మణికట్టుకు చుట్టేసుకుంది. బాబూరావు అసలు దారం వైపే చూడలేదు. మా యాడి దారం చెప్పినంక ఇంకేం కావాలె అని షోరూం అన్నతో అన్నాడు. ఇంట్లో ఒక మాట చెప్పి రేపు పొద్దున ఫోన్‌లో ఖాయం చేస్తానన్నాడు.

తిరుగు బస్సులో పద్మప్రియకు కిటికీ సీటు దొరికింది. కొత్తగూడెం దాటాక సన్నగా వాన మొదలైంది. రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు తడిసి నల్లగా కనబడుతున్నాయి. ఆ వానను చూస్తూ చూస్తూ బాబూరావు తన చిన్నప్పటి ముచ్చట చెప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు తండాకు రోడ్డు లేదు. బడి వాగుకు అవతల ఉండేది. వానాకాలం వాగు పొంగితే తండా పిల్లలందరూ ఇంట్లోనే. ఒక్క బాబూరావు మాత్రం బడిలో ఉండేవాడు. దాది అతన్ని వీపు మీద ఎక్కించుకొని, పలక తడవకుండా తల మీద పెట్టుకొని, నడుం లోతు నీళ్లలో వాగు దాటించేది. సాయంత్రం బడి విడిచేసరికి ఒడ్డున మళ్లీ కనబడేది. చేతిలో కాల్చిన మక్క కంకి ఉండేది. ఆమె గాజుల గలగల వినబడితే చాలు, అవతలి ఊరి పిల్లలు, అగో బాబూగాని బస్సొచ్చింది అని ఎగతాళి చేసేవాళ్లు.

"నాకు సిగ్గయ్యేది," అన్నాడు బాబూరావు నవ్వుతూ. "ఇప్పుడు అనిపిస్తది, అంత మంచి బస్సు నేను మళ్ల ఎక్కలేదని."

పద్మప్రియ నవ్వలేకపోయింది. మణికట్టుకు చుట్టిన దారం బిగుతుగా అనిపించింది. చొక్కా చేతిని కిందికి లాగి దాన్ని కప్పింది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. బాబూరావు ఎర్ర కారు ఫొటోలు ఫోన్‌లో చూపించాడు. ప్రమీల రంగు బాగుందన్నది. దాది చాలాసేపు చూసి, నిండు చందమామలో కుందేలును చూపినట్టు, ఆ పైకిటికీని వేలితో చూపించి ముచ్చటపడింది. తర్వాత దారం ఇమ్మని చెయ్యి చాపింది.

పద్మప్రియ ఇచ్చింది. దాది అలవాటుగా దారాన్ని వేళ్ల మధ్య జార్చింది. మొదటి ముడి దాటింది. రెండోది దాటింది. చివరి దాని దగ్గర వేళ్లు ఆగాయి. అది జొన్న గింజలా లేదు. బూటు లేసులా వదులుగా ఉంది. దానికి నాలుగు వేళ్ల అవతల పాత ముడి ఉన్న చోట దారం ఇంకా వంకరగానే ఉంది.

దాది తలెత్తి మనవరాలిని చూసింది. పద్మప్రియ నేల చూసింది.

ఇక చెప్పేస్తుంది అనుకుంది పద్మప్రియ. దాది చెప్పలేదు. దారాన్ని చుట్టి డబ్బాలో పెట్టేసింది.

"బాబూ, ఎర్రదే తీస్కో," అన్నది. "తీజ్‌కు నాకు కుర్చీ ఎందుకురా. పోయినేడు లెక్కనే మంచం మీద కూసుంట. నాకు పాట వినబడ్తది."

బాబూరావు అర్థం కానట్టు చూశాడు. కుర్చీ పడుతుంది కదా యాడీ అన్నాడు. దాది వినిపించుకోనట్టు మళ్లీ రైక చేతిలోకి తీసుకుంది. భుజం దగ్గర ఒక్క అద్దం కుట్టడమే మిగిలింది.

ఆ అద్దంలో పద్మప్రియకు తన ముఖం కనబడింది. చిన్నగా, ఎర్ర దారాల మధ్య. ఈ రైక వేసుకొని బుట్ట పట్టుకొని వాగుకు పోతుంది. పాట మధ్యలో ఆ చరణం వస్తుంది. ఎవరికీ రాదు. పాడగలిగిన మనిషి మంచం మీద ఉంటుంది.

పద్మప్రియ లేచింది. డబ్బా తెరిచి దారం తీసింది. తను వేసిన ముడిని విప్పింది. దారం వంకర తిరిగిన చోటు వెతికి, సరిగ్గా అక్కడే ముడి వేయబోయింది. ఎంత బిగించినా ముడి గుండ్రంగా కుదరలేదు. దారాన్ని అలాగే తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టింది.

"ముడి ఈడ ఉండె నాన్నా. నేనే జరిపిన. ఎర్ర కార్ల కుర్చీ పట్టదు."

బాబూరావు దారాన్ని చూశాడు, తల్లిని చూశాడు. అందుకేనా కుర్చీ వద్దంటున్నవు అని అడిగాడు. దాది సూదిలోకి దారం ఎక్కించడంలో చాలా పని ఉన్నట్టు ముఖం పెట్టింది.

"అద్దాల కారు కావాలనుకున్నది పోరి," అన్నది చివరికి. "నేను దాని ఈడుల ఉన్నప్పుడు ఎడ్లబండికి అద్దాలు కుడ్తనని మా నాయనతోని కొట్లాడిన."

ప్రమీలకు నవ్వాగలేదు. పద్మప్రియకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె దాది కుర్చీ పక్కన కూర్చుంది. దాది ఆమె వేళ్లను పట్టుకొని, దారాన్ని రెండు చుట్లు తిప్పించి, జొన్న గింజంత ముడి ఎలా వేయాలో నేర్పింది.

బాబూరావు ఈలోపు ఫోన్ తీశాడు. పాత తండా మనిషి ధన్‌సింగ్ రేపు తండా పండుగకు లైట్లు, మైకు తేవడానికి వ్యాన్‌లో ఖమ్మం పోతున్నాడు. పోయేటప్పుడు వ్యాన్ ఖాళీయే. అతనితో మాట్లాడి ఫోన్ పెట్టేసి అందరి వైపు తిరిగాడు.

"రేపు పొద్దున అందరం పోతున్నం. ఈసారి దారం కాదు, కుర్చీనే తీస్కపోదాం. యాడి ముంగట సీట్ల కూసుంటది. ఆ తెల్ల కారును యాడియే చూడాలె."

దాది చేతిలోని సూది ఆగింది. అయితే నన్ను జల్దీ లేపున్రి, నా గవ్వల రైక వేస్కోవాలె అన్నది.

"నేను లేపుత దాదీ," అన్నది పద్మప్రియ. "డిక్కీల కుర్చీ కూడ నేనే పెడ్త."