మోకాలి చిప్ప కింద శత్రువు

మిన్నీ బే ఒడ్డున డాక్టర్ ధనరాజు శవం బోర్లా పడి ఉంది. వీపులో బుల్లెట్ గాయాలు.

కీళ్ల కణాల మీద రీసెర్చ్ చేసే మనిషి. జీవితంలో ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. అలాంటివాడిని వెనకనుంచి కాల్చారు, పిరికి వెధవలు! ఏజెంట్ వాసుదేవ్ పిడికిళ్లు బిగుసుకున్నాయి.

"కోపం తర్వాత. ముందు పని," అన్నాడు చీఫ్ రామ్‌ప్రసాద్.

పోర్ట్ బ్లెయిర్‌లో, బయటికి షిప్పింగ్ ఆఫీసులా కనిపించే గదిలో బ్రీఫింగ్ మొదలైంది. స్క్రీన్ మీద మోకాలి బొమ్మ.

"ఎముకల చివర ఉండే ఈ నున్నటి పొర కార్టిలేజ్. దీని లోపల కాండ్రోసైట్లనే కణాలుంటాయి. పాత సరుకు కూల్చేదీ అవే, కొత్తది కట్టేదీ అవే. రెండు పనులూ సమానంగా సాగినంత కాలం కీలు కులాసా. కట్టడం తగ్గి కూల్చడం పెరిగితే ఆస్టియోఆర్థ్రయిటిస్."

"దీనికీ మనకీ ఏమిటి సంబంధం సర్?"

"బ్రాండ్ట్ అనే విదేశీ డాక్టర్ ముఠా, కూల్చడం తప్ప కట్టడం తెలియని కణాలను ల్యాబ్‌లో తయారు చేసింది. ఇంజెక్షన్ ఇస్తే బాగున్న మోకాలు కూడా గుల్లవుతుంది. తర్వాత దాని మీద తమ కొత్త మందు పరీక్షించి, ప్రపంచమంతా అమ్ముకుంటారు. రేపు రంగత్‌లో జాలరి పేటవాళ్లకి ఉచిత మోకాళ్ల క్యాంపు. ధనరాజు ఇది కనిపెట్టాడు. చంపేశారు."

"రంగత్‌లోనే ఎందుకు?"

"కార్టిలేజ్‌కి నరాలుండవు. అది అరుగుతున్నప్పుడు నొప్పి తెలియదు. వలలు లాగేవాళ్లూ, చేపల తట్టలు మోసేవాళ్లూ అలాగే నోరెత్తరని వాళ్ల లెక్క."

వాసుదేవ్‌కి ఒళ్లు మండిపోయింది. అతను పుట్టింది ఆ జాలరి పేటలోనే. తల్లి గవరమ్మ ఈనాటికీ అక్కడే చేపలమ్ముతుంది. రెండు మోకాళ్లూ పట్టేసి లేవలేక లేస్తుంది. ఉచిత క్యాంపంటే ఆవిడ అందరికంటే ముందుంటుంది.

"ఇప్పుడే వెళ్లి పట్టుకుందాం."

"సాక్ష్యం లేకుండా పట్టుకుంటే వదిలేయాల్సి వస్తుంది. సరుకు సముద్రం మీదనుంచి వస్తుంది, ఎవరు తెస్తారో తెలియదు. ఆ ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది. డాక్టర్ సుష్మ. 'వాన పడుతుందా?' అని అడుగు. సరుకు వస్తుంటే 'గొడుగు తెచ్చుకున్నారా?' అంటుంది. ఇంకేమన్నా మనల్ని అమ్మేసినట్టే."

మర్నాడు రంగత్‌లో, క్యాంపు కోసం తీసుకున్న స్కూలు వరండా నిండా జనం. తెల్లగడ్డం, మాసిన లుంగీ, చేతికర్రతో ఓ ముసలివాడు కుంటుకుంటూ డాక్టర్ గదిలోకి వెళ్లాడు. ఆ కర్ర కొనలో మనిషిని పడగొట్టే కరెంటు ఉంది.

పగడం రంగు చీరలో సుష్మ తల తిప్పి చూసింది. పోస్టర్ మీద సినిమా తారలా ఉంది.

"డాక్టరమ్మా, వాన పడుతుందా?"

"ఎండ దంచేస్తోంది తాతా," అని నవ్వింది.

అమ్మేసింది. ధనరాజు పేరు ముఠాకి ఎవరు చెప్పారో కూడా తెలిసిపోయింది. ముసలివాడి వేషంలో ఉన్న వాసుదేవ్ కర్ర మీద పట్టు బిగించాడు.

సరిగ్గా అప్పుడే గవరమ్మ చేపల తట్టతో లోపలికొచ్చింది. చేపల కింద నుంచి తెల్లటి పెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

"డాక్టర్ దీదీ, డింగీ పడవ భయ్యా మీకిమ్మన్నాడు. క్యాంపుకే కదా ఎల్తన్నాను, తెచ్చినాను."

చేపల తట్టలో చెయ్యి పెట్టి వెతికే పోలీసు ఉండడు. బ్రాండ్ట్ తెలివి అదీ.

గవరమ్మ చూపు ముసలివాడి మీద పడింది. "ఒరే వాసూ! నీ కాలికేటయిందిరా? ఆ గడ్డవేంటి?"

కన్నతల్లి దగ్గర ఏ వేషం పనిచేస్తుంది?

తెరచాటు నుంచి వచ్చిన బ్రాండ్ట్ తెల్లకోటు మాటున పిస్టల్ని వాసుదేవ్ పక్కటెముకలకి ఆనించాడు. "కదిలితే తర్వాతి గుండు ఆమెకి," అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా. "సుష్మా, ముందు ఈ అమ్మకే."

గవరమ్మ కుర్చీలో కూర్చుని చీర మోకాలి పైకి జరుపుకుంది.

"అమ్మా, వద్దు!"

"ఊరుకోరా. నెలకో ఫోను సెయ్యనోడివి, నా మోకాళ్ల సంగతి నీకెందుకు? ఆళ్లు మంచి పని సేత్తన్నారు."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. అబద్ధమైతే బాగుండేది.

సుష్మ వాసుదేవ్ మీదినుంచి చూపు తిప్పకుండానే పెట్టె మూత తీసింది. సీసాని తలకిందులు చేసి సిరంజి గుచ్చింది. మందు కదల్లేదు. ఊపింది. సీసాలో తెల్లటి గడ్డ.

"ఇందులో ఐస్ ఎవరు పోశారు?" ఆమె అప్పుడే పెట్టెలోకి చూసింది.

"నానే," అంది గవరమ్మ గర్వంగా. "పడవ దిగిన సరుకు ఐస్ ఎయ్యకుండా ఒగ్గేత్తామేటి? పెట్టె ముట్టుకుంటే ఎచ్చగా ఉంది, మందు ఖరాబ్ అయిపోద్దని బయపడ్డాను. కొట్టిన ఐసూ, ఉప్పూ దట్టించినాను."

"థర్టీ సెవెన్ డిగ్రీస్!" బ్రాండ్ట్ కేక పెట్టాడు. "ఒంటి వేడిలో ఉండాల్సిన కణాలు!"

ఉప్పు కలిసిన ఐస్‌కి కణాల్లోని నీళ్లు గడ్డకట్టి పైపొరలు చీల్చేశాయి. ముఠా శ్రమంతా చచ్చి సీసాల్లో పడి ఉంది. బ్రాండ్ట్ కళ్లు పెట్టె మీదికి వెళ్లిన ఆ ఒక్క క్షణం వాసుదేవ్‌కి చాలు. కర్ర వాడి మోకాలి చిప్పని తాకింది. పిస్టల్ ఎగిరిపోయింది, బ్రాండ్ట్ గిలగిల కొట్టుకుంటూ కూలాడు. గుమ్మం వైపు పరుగెత్తిన సుష్మ, వరండాలో జనం మధ్య కాపు కాస్తున్న రామ్‌ప్రసాద్ చేతికి చిక్కింది.

"నేను పేరు చెప్పానంతే. కాల్చింది వాడు," అంది.

"ఆ 'అంతే' కోర్టులో చెప్పు," అన్నాడు వాసుదేవ్. ఆమెని కొట్టకుండా ఉండడానికి చేతులు వెనక్కి కట్టుకోవాల్సి వచ్చింది.

జరిగిందంతా విని గవరమ్మ చీర మోకాళ్ల కిందికి లాక్కుంది. తర్వాత అడిగింది. "మరి అసలు మందేదిరా?"

"అరిగిన కార్టిలేజ్‌ని మళ్లీ మొలిపించే మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదమ్మా."

"నొప్పి పుట్టించేది మాత్రం కనిపెట్టేసినారు! కర్రలో కరెంటు ఎట్టినారు! దొంగ గడ్డాలు సేసినారు! ముసిల్దాని మోకాలికి మందు సెయ్యడానికి మాత్రం ఎవడికీ తీరిక లేదు." కుర్చీ చెయ్యి పట్టుకుని మూలుగుతూ లేచింది. "బస్, ఇంక సాలు. తట్ట ఎత్తు. చేపలు పాడైపోతన్నాయి."

దేశాన్ని కాపాడిన ఏజెంట్ తట్ట నెత్తిన పెట్టుకుని బజారుకి నడిచాడు. దారిలో ఆవిడ అతని చేత గట్టిగా అరిపించింది కూడా, చేపలమ్మా చేపలూ అని.