నాలుగు రోజుల రిపేరు

“కంప్యూటర్ డాక్టర్ అంటే నువ్వేనా? గడ్డమే గీసుకోలేదు, నా లాప్‌టాప్ ఏం బాగుచేస్తావ్?”

మొదటి పలకరింపే అది. హాస్టల్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. అలా వచ్చిన పేరు. ఆమె స్టాటిస్టిక్స్ అమ్మాయి. లాప్‌టాప్‌ని దిండు గలీబులో పెట్టుకుని లైబ్రరీ మెట్ల దగ్గర నిలబడింది.

“గడ్డానికీ దానికీ ఏం సంబంధం?”

“శుభ్రత. ఇది మా అన్నయ్య కొనిచ్చాడు. ఒక్క గీత పడినా ఊరుకోను.”

ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోతోందట. గదికి తీసుకెళ్ళి మూత విప్పాను. ర్యామ్ ముక్క అంచుకి మురికి పట్టింది. పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగిస్తే పది నిమిషాల్లో లేచి కూర్చుంది.

సాయంత్రం ఆమె ఎదురుపడగానే మాత్రం నా నోట వేరే మాట వచ్చింది.

“పార్ట్ రావాలి. రెండు రోజులు పడుతుంది.”

“ఆలస్యం అమృతం విషం రా,” అన్నాడు నా రూమ్మేట్. వాడి మాట చెవిన పెడితే కదా.

రోజూ సాయంత్రం ఆ మెట్ల మీద కూర్చునేవాళ్ళం. “పేషెంట్ ఎలా ఉంది డాక్టర్?” అనేది. “ఇంకా కళ్ళు తెరవలేదు,” అనేవాడిని. రెండు రోజులు దాటినా “పార్ట్ ఇంకా రాలేదు,” అని సాగదీశాను. రెండో రోజు వాన పడితే ఒకే గొడుగు కింద గేటు దాకా నడిచాం. నా భుజం ఒకటి పూర్తిగా తడిసిపోయింది. అయినా ఆ వాన ఆగకూడదనుకున్నాను.

నాలుగో రోజు ఆమె ఏమీ అడగకుండా వచ్చి కూర్చుంది.

“ఇక తొందరేం లేదులే. వేసవి ట్రైనింగ్ అప్లికేషన్‌కి నిన్నే ఆఖరి రోజు. నా ప్రాజెక్టంతా ఆ లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది.”

“ముందే ఎందుకు చెప్పలేదు?”

“పార్ట్ రాకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావ్? అసలే నాకోసం తిప్పలు పడుతున్నావ్. ఇంకా కంగారు పెట్టడం ఎందుకని.”

ఇంకో అబద్ధం ఆడితే గట్టెక్కేవాడినే. ఆ మాట విన్నాక నోరు రాలేదు. రబ్బరు సంగతి, పది నిమిషాల సంగతి, లేని పార్ట్ సంగతి అన్నీ చెప్పేశాను.

“నిన్ను రోజూ చూడాలనిపించింది. నువ్వంటే ఇష్టం. తప్పు చేశాను.”

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

“ఏడాదంతా కష్టపడ్డాను దానికోసం,” అంది. “అన్నయ్యకి ఏం చెప్పను?”

పరుగెత్తుకెళ్ళి లాప్‌టాప్ తెచ్చిచ్చాను. అక్కడే ఆన్ చేసి చూసుకుని, మూసేసింది.

“మొదటి రోజే ఇచ్చేసి ఉంటే, రెండో రోజు నేనే ఏదో వంక పెట్టుకుని వచ్చేదాన్ని. అది నీకు తట్టనే లేదు.”

అని లేచి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎవరి కంప్యూటర్ బాగైనా ఆ నిమిషమే వాళ్ళ చేతిలో పెట్టేస్తున్నాను. ఆమెది మళ్ళీ పాడవలేదో, ఇంకెవరికైనా చూపించుకుంటోందో నాకు తెలియదు.