ఎవరిదీ కాని నీళ్ళు

కోన మడుగులో ఒక ఆడమనిషి తల విరబోసుకుని కూర్చుందన్న మాట ఇసకవంక పల్లెకు మొదట తెచ్చింది ఓబులమ్మ. ఆమె కళ్ళతో చూడలేదు. ఆమె మరదలు చూసిందట. నిలదీసి అడిగితే మరదలు కూడా చూడలేదనీ, గొర్రెలు తోలుకుపోయేవాడెవడో చూసి చెప్పాడనీ తేలింది. అయినా ఓబులమ్మ నోట పడ్డాక మాట ఆగుతుందా? పొద్దున ఆ మాట బయలుదేరినప్పుడు ఆడమనిషికి జుట్టు మాత్రమే ఉంది. మధ్యాహ్నానికి కోరలు మొలిచాయి. పొద్దుగూకేసరికి పిల్లల్ని పేరు పెట్టి పిలవడం కూడా నేర్చుకుంది.

మామూలు రోజుల్లో అయితే ఊరు నవ్వి ఊరుకునేది. ఆ రోజుల్లో నవ్వే ఓపిక ఎవరికీ లేదు. ఇంటింటా పిల్లలు మంచాన పడ్డారు. కడుపు జారిపోయి, కళ్ళు లోపలికి పోయి, ఒళ్ళు బూడిద రంగుకు తిరుగుతోంది. చేదబావుల నీళ్ళు వాసన కొడుతున్నాయి. పడుకున్న పిల్లలు నిద్రలో "వస్తున్నా, వస్తున్నా" అని ఎవరికో బదులు చెబుతున్నారు.

పెద్దలు ఎగువనున్న కొండవాకిలి కోటకు పోయి చెన్నభూపతి మహారాజుతో మొర పెట్టుకున్నారు. మంత్రిగారు సానుభూతిగానే విన్నారు. కోటలో పిల్లలకు ఏ జబ్బూ లేదనీ, కోట మురుగు మొత్తం నాపరాళ్ళు పరిచిన పెద్ద కాలువలో బయటికి పోతుందనీ చెప్పారు. "అలాంటి కాలువ మీ పల్లెకు కట్టాలంటే కొండ సగం తొలచాలి. మీరున్నది పిడికెడు ఇళ్ళు. పల్లె పట్నమయ్యాక రండి, చూద్దాం" అన్నారు. ఆ పట్నంలో ఉండవలసిన పిల్లలు అప్పటికే మంచాలమీద ఉన్నారు.

ఇసకవంకలో ఒక ఆచారం ఉండేది. ఇంట్లో వాడిన నీళ్ళు, అంటే అంట్లు తోమినవి, ఒళ్ళు కడిగినవి, బట్టలు ఉతికినవి, గడప బయట పోసేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవాలి. "పో, నాది కాదు" అనాలి. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తే కీడు అంటుకుంటుందని నమ్మకం. పుట్టిన దగ్గరనుంచి చచ్చేదాకా ఆ పల్లెలో ఒక్కరు కూడా తాము పోసిన నీళ్ళ వెంట చూపు సారించినవాళ్ళు లేరు.

కుమ్మరి ఎర్రన్న పెద్దకూతురు సుంకి కూడా అలాగే పెరిగింది. తల్లి లేని పిల్ల. చెల్లెలు నాగిని చంకనేసుకుని తనే పెంచింది. ఆ నాగి ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుని, గుక్కెడు గంజి కూడా మింగలేకుండా ఉంది. ఆ పూట చెల్లెలి గుడ్డలు ఉతికిన నీళ్ళు పోయడానికి సుంకి గడపలోకి వచ్చింది. ముఖం తిప్పబోయి ఆగింది. మడుగు ఉన్నది పల్లంలోనే. నీళ్ళు పోయేదీ పల్లానికే. సుంకి కుండ వంచి, కళ్ళారా చూస్తూ నీళ్ళు పోసింది. ఆ నీటి చార వెంట నడక మొదలుపెట్టింది.

పక్కింటి అరుగుమీద కూర్చున్న ఓబులమ్మ గుండె బాదుకుంది. "ఏమ్మే సుంకీ! పోసిన నీళ్ళెంబడి పోతాండావే, బుద్ధి యాడన్నా జారిపాయనా?"

"పిల్లోల్లను పట్టింది మడుగులో ఉందని నువ్వే చెప్తివి కదత్తా. ఈ నీళ్ళు ఆడికే పోతాండాయి."

"నేను చెప్పినానని పోతావా? నేను లక్ష చెప్తా!"

సుంకి వెనక్కి తిరగలేదు.

నీటి చార పక్కింటి బావి గట్టు కింద కాస్త ఇంకి, వంకలోకి, వంక కోనలోకి దిగింది. కోన మొదట్లో ముళ్ళకంపల అడవి. అక్కడ నీళ్ళు ఒకచోట పరుగెత్తి గట్టు కోసేశాయి, మరొకచోట నిలిచి నల్లగా కుళ్ళిపోయాయి. దారికి అడ్డంగా ఎద్దంత నత్త పడుకుని ఉంది. అది కొమ్ములు రెండూ సుంకివైపు తిప్పింది.

"దారి వదులుతాను. ఈ ఆకుదొప్ప నిండా మురుగు ముంచి, నా వీపు మీదుగా అవతలి కొసకు చేర్చు. ఒలకకూడదు. ఆగకూడదు."

సుంకికి తొందర. దొప్ప పట్టుకుని పరుగెత్తింది. సగం నీళ్ళు ఒలికి, పడినచోటల్లా నత్త వీపుమీద గాడి పడింది. రెండోసారి జాగ్రత్తగా నడిచింది గానీ, చెల్లెలు గుర్తొచ్చి కాళ్ళు ఆగిపోయాయి. ఆగీ ఆగగానే దొప్పలోంచి దోమలు పొగలా లేచి ముఖాన్ని కమ్మేశాయి. మూడోసారి ఆమె పరుగెత్తలేదు, ఆగలేదు. నత్త నడిచినట్టే నడిచింది. దొప్ప నిండుగా అవతలికి చేరింది.

"నీళ్ళకూ ఇదే నడక నేర్పు" అని నత్త ఒక చిన్న గుల్ల ఇచ్చింది. "నేలమీద పెట్టి దీన్లో నీళ్ళు పోస్తే వాలు ఎటుందో, ఎంతుందో చెబుతుంది. మీ ఊళ్ళో పెద్దమనుషుల్ని అడగొద్దు. వాళ్ళు తమ ఇంటివైపు మురుగు రాకుండా వాలు చూపిస్తారు."

ముళ్ళడవి దాటాక ఒక గుంతలో మెడదాకా మునిగి ఒక ముని కూర్చున్నాడు. గడ్డంలో బురద ఎండి పెళుసుగా ఉంది. ఆయన ఏ పలకరింపూ లేకుండా ఒక కుండ అందించాడు. దాని నిండా చిక్కటి మురికినీళ్ళు.

"ఇందులో నీ ముఖం కనిపించేదాకా కదలకుండా ఉంచు. అప్పుడు దారి."

"స్వామీ, మా చెల్లికి పొద్దు గడిచేట్టు లేదు."

"మాట్లాడావు. కుండ కదిలింది. మళ్ళీ మొదలు."

సుంకికి ఏడుపొస్తే కుండ కదిలింది. కోపమొచ్చినా కదిలింది. చివరికి చేతులు మొద్దుబారి, కుండను నేలమీద దించి దూరంగా జరిగి కూర్చుంది.  నీళ్ళలోని మడ్డి మెల్లగా అడుక్కి దిగింది. పైన తేరిన నీళ్ళలో చెదిరిన జుట్టుతో తన ముఖం కనిపించింది.

"కింద పెట్టొచ్చని ముందే చెప్పకూడదా స్వామీ?"

"వీరులు చాలామంది వచ్చారు. అందరూ మోస్తూనే నిలబడ్డారు. నేల మోస్తుందని ఒక్కరికీ తోచలేదు." ముని మొదటిసారి నవ్వాడు. "పైనున్న నీళ్ళు వంచెయ్యి. అడుగునున్న మడ్డి కూడా తీసుకుపో."

"మడ్డి ఎందుకు?"

"పారేద్దామనుకున్నావు కదా, అందుకే."

మడుగు చుట్టూ మనిషెత్తు జమ్ము పెరిగి ఉంది. సుంకి అడుగు పెట్టగానే జమ్ము వేళ్ళు బురదలోంచి లేచి మడమలు చుట్టుకున్నాయి. మోకాళ్ళదాకా లాగేశాయి. గుసగుసగా ఒకటే మాట: "ఆకలి. ఆకలి." లాక్కునే కొద్దీ పట్టు బిగిసింది. అప్పుడు సుంకి మడ్డి కుండను ఆ వేళ్ళమీద బోర్లించింది. చప్పరించిన చప్పుడైంది. పట్టు సడలింది. వేళ్ళ మధ్యనుంచి వచ్చిన నీళ్ళు కొంచెం పసుపుగా ఉన్నా వాసన లేకుండా పారాయి.

"మాతో మా ఊరికి వస్తారా?" అని అడిగింది సుంకి.

"మమ్మల్ని పస్తు పెట్టవు కదా?"

"మా ఊళ్ళో అన్నానికి కరువుంది గానీ, మీరు తినేదానికి కరువు లేదు."

వేళ్ళు కొన్ని తమంతట తాము తెగి ఆమె కొంగులో పడ్డాయి.

జమ్ము అవతల మడుగు. దాని నడుమ ఆమె కూర్చుని ఉంది. ఓబులమ్మ చెప్పినట్టు కోరలు లేవు. జుట్టు మాత్రం ఉంది. నల్లటి వెంట్రుకలు మడుగంతా పరుచుకుని, వంక ఒడ్డున పాకుతూ, పల్లెవైపు పోతున్నాయి. ఒక జడ మాత్రం తాటిమానంత లావుగా, ఎగువ కొండలవైపు పోతోంది.

"మా చెల్లెల్ని వదులు" అంది సుంకి. 

"నేను పట్టుకున్నానా?" ఆమె గొంతు బానలో మాట్లాడినట్టుంది. "నన్ను కన్నవాళ్ళు నన్ను చూడను కూడా చూడకుండా పొమ్మన్నారు. ఉండటానికి చోటివ్వలేదు. అందుకని వాళ్ళ పిల్లల్ని రమ్మంటున్నాను. నాకూ తోడు కావాలి. చెప్పు, నేను ఎవరిదాన్ని?"

"మా ఊరందరిదానివి."

మడుగు నవ్వింది. బురద బుడగలు పగిలాయి. "ఊరందరి నోరూ నీ దగ్గర ఉందా? ఎవరి మాట వాళ్ళు చెప్పాలి."

సుంకి వంగి నీళ్ళలోకి చూసింది. నల్లటి వెంట్రుకల్లో ఒకటి ఎర్రమన్ను రంగులో ఉంది. అది తండ్రి సారెమీద తడిపిన మన్ను. పొద్దున తను పోసిన గుడ్డల నీళ్ళు కూడా దాన్నే తాకి పోతున్నాయి. రోజూ ముఖం తిప్పుకుని తను ఎన్నిసార్లు పొమ్మందో గుర్తొచ్చి, ఆ వెంట్రుకను చేత్తో పైకెత్తింది.

"ఇది మాది" అంది. "మేం పోసిందే. మా ఇంటి దగ్గర చోటిస్తాను."

ఎర్ర వెంట్రుక తేటబడి, ఎక్కడో చుట్టుకున్నది వదిలి వెనక్కి వచ్చేసింది.

"నాగి లేచిందా?" అంది సుంకి ఆత్రంగా.

"మీ వెంట్రుక చుట్టుకున్నది మీ చెల్లెల్ని కాదు. పక్కింటి పిల్లవాణ్ణి. మీ చెల్లెల్ని చుట్టుకున్నది పక్కింటిది. అది నీవల్ల కాదు. పో. మాట చెప్పి చోటివ్వకపోతే మళ్ళీ వస్తాను."

సుంకి పల్లెకు వచ్చేసరికి ఓబులమ్మ ఇంటి ముందు జనం. ఆమె మనవడు లేచి కూర్చుని గంజి అడుగుతున్నాడు. ఓబులమ్మ వాణ్ణి ఒడిలో పెట్టుకుని ఊగిపోతోంది. "నా మొక్కు! నా ఉపవాసం! ఊరికే పోతాదా?"

ఇవతలి ఇంట్లో ఎర్రన్న నాగి తలను తొడమీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు "వస్తున్నా" అని కూడా అనడం లేదు. పెదవులు మాత్రమే కదులుతున్నాయి.

సుంకి ఓబులమ్మ దగ్గరకు పోయి నిలబడింది. "అత్తా, నీ మనవణ్ణి పడగొట్టింది మా నీళ్ళు. మా మురుగునీళ్ళ జాలు మీ బావి పక్కన ఇంకుతాంది. నేను కళ్ళతో చూసి వస్తి."

ఓబులమ్మ అరుపుకు కాకులు లేచాయి. "ఎంత మాటంటివే! నా బిడ్డను మీరా చంపబోయింది? ఎర్రన్నా, వింటివా నీ కూతురి మాట!"

"తిట్టత్తా. ఎంతైనా తిట్టు. తిట్టినాక నాతోపాటు నీ ఇంటెనక్కు రా. నాగిని పట్టుకున్నవి మీ నీళ్ళు."

"నా నీళ్ళా? నేను పసుపు రుద్దుకుని పోసుకుంటా. నా నీళ్ళు తీర్థంతో సమానం!"

"అయితే ఒక్కసారి చూడు."

జనం అందరూ చూస్తున్నారు. ఓబులమ్మ మనవణ్ణి చంకనేసుకుని విసురుగా లేచి ఇంటి వెనక్కు నడిచింది. నీళ్ళు పోసే చోట అలవాటుగా ముఖం తిరిగిపోయింది. చాలాసేపు అలాగే నిలబడింది. పుట్టాక ఎన్నడూ తిప్పని వైపుకు మెడ తిప్పడం ఆమెకు చేతకాలేదు. చివరికి చంకలోని మనవడే వేలు చూపించి, "జేజీ, పసుపునీళ్ళు నాగోళ్ళ బావికాడికి పోతాండాయి" అన్నాడు.

ఓబులమ్మ చూసింది. పసుపు నురగ, సున్నిపిండి, పిల్లవాడి గుడ్డల మురికి, అన్నీ కలిసి పచ్చటి దారంలా ఎర్రన్న బావి గట్టు కిందికి దూరుతున్నాయి. ఆమె నోరు తెరిచి మూసింది. ఊరంతా ఆమె మాటకోసం ఎదురుచూడటం అదే మొదటిసారి, ఆమెకు మాట దొరకకపోవడమూ అదే మొదటిసారి.

"నాదే" అంది చివరికి. "నాదేలే. గుంత యాడ తవ్వాల్నో చెప్పు."

ఇవతల ఎర్రన్న కేక పెట్టాడు. నాగి కళ్ళు తెరిచింది.

ఆ తరువాత ఒక్కొక్క ఇల్లూ ఒప్పుకుంది. కొందరు ఏడుస్తూ, కొందరు పోట్లాడుతూ, కొందరు పక్కవాడు ఒప్పుకున్నాకనే. ఇద్దరు పిల్లల విషయంలో ఆ ఒప్పుకోవడం ఆలస్యమైంది. వాళ్ళు లేవలేదు. వాళ్ళ పేర్లు ఇసకవంకలో ఈనాటికీ పనిలోకి దిగేముందు తలుచుకుంటారు.

నాపరాళ్ళు లేవు, సున్నం లేదు. ఎర్రన్న మట్టి గొట్టాలు చేసి కాల్చాడు. నత్తగుల్ల చూపిన వాలున వాటిని పరిచారు. నీళ్ళన్నీ ముందు ఒక లోతు గుంతలో చేరి, ముని కుండలోలాగ తేరుకునేవి. అక్కడినుంచి పగిలిన పెంకులు, గులకరాళ్ళు, ఇసక నింపిన మడిలోకి, జమ్ము వేళ్ళ మధ్యకు పోయేవి. చివర వచ్చిన నీళ్ళు అరటిపిలకలకు. గుంతలో మడ్డి ఇంటికొకరు చొప్పున వంతులేసుకుని తీసి, ఎండబెట్టి, మాగబెట్టి పొలాలకు తోలుకునేవారు. వంతు వచ్చినరోజు ఓబులమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని ఊరందరినీ తిడుతూ తీసేది. కానీ తీసేది.

సంగతి తెలిసి చెన్నభూపతి మహారాజు పరివారంతో ఏనుగుమీద దిగివచ్చాడు. జమ్ముమడిని చూశాడు, బావి నీళ్ళు తాగాడు. సుంకి తలకు పాగా చుట్టించి, ఇసకవంకకూ చుట్టుపక్కల పల్లెలకూ ఆమెనే పెత్తందారుగా ప్రకటించాడు. నాగి అక్క కొంగు పట్టుకుని నిలబడి ఏనుగునే చూస్తోంది.

"ఇంకేం కావాలో కోరుకో తల్లీ" అన్నాడు రాజు.

సుంకి ఎగువకు చెయ్యి చూపింది. "మడుగులో ఆమె ఇంకా పూర్తిగా పోలేదు దొరా. ఒక జడ మిగిలింది. తాటిమానంత లావు. మీ కోట రాతికాలువ వచ్చి మా వంకలో పడేచోటు నుంచి మొదలైతాంది. అది ఎవరిదో చెప్పండి, చాలు."

రాజు మంత్రివైపు చూశాడు. మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, కోటగోడ దాటాక అది మనది కాదు."

జనంలో వెనకనుంచి ఓబులమ్మ గొంతు వినిపించింది.

"మేమూ అట్లనే అంటాంటిమి సామీ, పిల్లోల్లు మంచాన పడేదాంకా."