సీలు ముక్క దొరికేలోగా

ఫ్లోరిడా తీరంలో తెల్లవారగానే ఆరిన్ బ్లేక్ అనే ఇంజనీరును మోటెల్ గుమ్మంలోనే కాల్చి చంపారు. అతని చేతిలోని ఉక్కు పెట్టె మాయమైంది.

"పెట్టెలో ఏముంది?" ఏజెంట్ డ్వైట్ కెల్సో అడిగాడు.

"పేలిపోయిన రాకెట్ అతుకులోని రబ్బరు సీలు ముక్క," అంది మార్గో లిండ్‌స్ట్రమ్. రిటైరైన జడ్జి. ప్రమాదాన్ని విచారిస్తున్న స్వతంత్ర కమిషన్‌కి ఆవిడే పెద్ద. "చలికి సీలు పగిలి మంట బయటికొచ్చిందనడానికి ఉన్నది అదొక్కటే సాక్ష్యం. ఇవాళ మధ్యాహ్నం విచారణ ముగుస్తుంది. ముక్క లేదంటే అదే సీలుతో ఇంకో రాకెట్ లేస్తుంది. అందులో అయిదుగురు."

"ఎవడికి లాభం?"

"విదేశీ ముఠాకి. ఇంకొక్కటి పేలితే మన ప్రయోగాలకి తాళమే. అందుకే నిజాన్ని దాచేస్తున్నారు."

"ముఠాలో మన మనిషెవరైనా?"

"ఇలోనా. నిజానికి ఎవరి మనిషో నాకూ తెలీదు."

కెల్సో గడ్డం అంటించుకుని, టోపీ పెట్టుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని జాలరి వేషంలో రొయ్యల రేవుకి వెళ్ళాడు. ఎర్ర స్కార్ఫు కట్టిన అందగత్తె ఎదురొచ్చింది. రేవు చూపులన్నీ ఆమె మీదే.

"రొయ్యలు తాజావేనా?" కెల్సో అడిగాడు.

"అమ్మేవాడు ఎప్పుడు కాదన్నాడు?" కోడ్ కలిసింది. ఇలోనాయే. ఆమె పెదవులు కదిలీ కదలనట్టు అంది: "డెలైలా పడవ. ఐసు గది." వెళ్ళి తనూ ఆ పడవే ఎక్కింది.

డెలైలా కెప్టెన్ బూన్ పెట్రీ ముఠా దగ్గర డబ్బు తిన్నవాడు. పనికి మనిషి కావాలి గనక కెల్సోని ఎక్కించుకున్నాడు. తాళ్ళు విప్పుతుండగా సముద్రంలోంచి ఇంకో పడవ వచ్చింది. దాని మీద టార్పాలిన్ కప్పిన రాకెట్ శకలాలు. రేవులో పని ఆగింది. పోయినవాళ్ళకి గౌరవంగా జాలర్లందరూ టోపీలు తీశారు. పెట్రీ కూడా తీశాడు.

తాడు ముడితో కుస్తీ పడుతున్న కెల్సో తీయలేదు.

"ఏరా, ఏ ఊరు నీది?" పెట్రీ దగ్గరికొచ్చాడు. "శకలాలొస్తుంటే నెత్తిన టోపీతో నిలబడేవాడు ఈ తీరంలో పుట్టలేదు."

టోపీ తీసిన చెయ్యే పిస్తోలు తీసింది. కెల్సోని ఐసు గదిలోకి తోసి తలుపు బిగించారు. పడవ కదిలింది.

చీకటి. ఎముకలు కొరికే చలి. రొయ్యల కింద ఉక్కు పెట్టె చేతికి తగిలింది. దొరికి మాత్రం ఏం లాభం? వాచీలోని రంపంతో తలుపు గడియ కోయబోతే అది పుటుక్కున విరిగింది. వేళ్ళు మొద్దుబారాయి. ఒడ్డు దూరమవుతోంది. రాకెట్ ఎక్కబోయే అయిదుగురి మొహాలూ కళ్ళ ముందు కదిలాయి. తలుపుకేసి భుజంతో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఇలోనా, చేతిలో తుపాకి.

"నువ్వెవరి వైపు?" పళ్ళు టకటకలాడుతుంటే అడిగాడు.

"పొద్దున ఆరిన్‌ని చంపుతారని నాకు చెప్పలేదు. ఇక మీ వైపే." లైఫ్ జాకెట్ విసిరింది. "దూకు!"

"మరి నువ్వు?"

"నేను దూకితే పెట్రీని ఆపేవాళ్ళుండరు, ఇద్దర్నీ కాలుస్తాడు. వెళ్ళవయ్యా బాబూ!"

పెట్టెను గుండెకు కట్టుకుని దూకాడు. వెనక తుపాకులు పేలాయి. వెనక్కి చూస్తే ఈదలేడు. చూడలేదు.

విచారణ జరుగుతున్న టౌన్‌హాల్లో రాకెట్ సంస్థ పెద్ద గార్విన్ స్లేటర్ నవ్వుతున్నాడు. "సాక్ష్యం లేదు కదండీ జడ్జిగారూ. కానివ్వండి." విచారణ ముగించడానికి మార్గో సుత్తి ఎత్తింది. తలుపు దభాలున తెరుచుకుంది. నీళ్ళోడుతున్న మనిషి, సగం ఊడిన గడ్డం, చేతిలో పగిలిన సీలు ముక్క.

సుత్తి గాల్లోనే ఆగింది.

సాయంత్రానికి ఆదేశాలొచ్చాయి. సీలు మార్చాలి. భద్రత చూసేవాళ్ళు స్లేటర్ కింద పనిచేయకూడదు. అనుమానమొస్తే ఏ పనివాడైనా ప్రయోగం ఆపొచ్చు. కోస్ట్‌గార్డు డెలైలాని పట్టుకుంది. పెట్రీ దొరికాడు. ఇలోనా దొరకలేదు. కెల్సో సముద్రం వైపు కిటికీ వదిలి రాలేదు.

"దీనివల్ల ప్రయాణం ఏళ్ళ తరబడి వాయిదా!" స్లేటర్ గోలపెట్టాడు.

ముందు వరసలో కూర్చున్న, ఆ రాకెట్ ఎక్కాల్సిన అయిదుగురి కమాండర్ నెల్ వికరీ లేచి, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది.

"పర్లేదు సార్. కంచెకి రంగెయ్యమని మా ఆయన ఎప్పట్నుంచో పోరుతున్నాడు."