యూరియా వేయని మడి

వేములపల్లిలో తమ వరిమడి గట్టు మీదికి వచ్చిన వంశీకి ఒక విచిత్రమైన దృశ్యం కనబడింది. ఎవరో అమ్మాయి వరి పిలకల మీద పారదర్శకమైన పెట్టెలు బోర్లించి, గొంతుక్కూర్చొని, సిరంజితో ఒక పెట్టెలోని గాలిని తీస్తోంది. అది 2013 వానకాలం. సాగర్ ఎడమ కాలువకు పుష్కలంగా నీరు వచ్చిన ఏడాది.

"మేడం, వరికి సూదిమందు ఇస్తున్రా?" అన్నాడు.

"ఇవ్వడం లేదండీ, తీసుకుంటున్నాను. ఒక్క నిమిషం మాట్లాడకండి, టైము తప్పుతుంది."

సొంత పొలంలో తనను నోరు మూసుకోమన్న మొదటి వ్యక్తి ఆమె. డిగ్రీ చదివి ఆరెకరాలు సాగు చేసుకుంటున్న వంశీకి చిర్రెత్తుకొచ్చిందిగాని, కాలు కదలలేదు. ఇంతలో సన్నని జల్లు మొదలైంది. ఆమె తన గొడుగును సిరంజికి పట్టి, తాను తడిసింది.

ఆమె పేరు ఊర్మిళ. ఊరు కోదాడ. పరిశోధన విద్యార్థిని. వంశీ తండ్రి మంగయ్య అనుమతితోనే మూడు మళ్లు తీసుకుంది. ఒకదానికి అలవాటు ప్రకారం యూరియా, రెండోదానికి అందులో సగం, మూడోదానికి అసలే లేదు.

"చల్లిన యూరియాలో కొంత నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువై పైకి పోతుంది. భూమిని వేడెక్కించడంలో మహా గట్టిది. ఏ దేశం పొలాల నుంచి ఎంత పోతోందో పక్కపక్కన పెట్టి పోలుస్తారు. అందులో మన దేశం పై వరుసల్లోనే ఉంటుంది."

"అంటే దొంగలం మేమేనా?"

"మొత్తంగా చూస్తే మనది పెద్ద అంకె. మనిషికింత అని పంచితే చిన్నది. అదీ చాలావరకు వాడిన యూరియాను బట్టి వేసే అంచనానే. మీ పొలం సంగతి కొలిస్తేగాని తెలియదు."

"మరి యూరియా లేని మడెందుకు?"

"ఏమీ వేయకున్నా నేల కొంత వదులుతుంది. అది తీసేస్తేగాని యూరియా వాటా తేలదు. ఆ మడి లేకపోతే నా లెక్కల పట్టికే లేదు."

ఆమె ప్రతి శనివారం వచ్చేది. మూడో శనివారానికి వంశీ గడ్డం గీసుకొని, బస్సు దగ్గరికే వెళ్లి పెట్టెలు మోయసాగాడు.

ఆరో వారానికి యూరియా లేని మడి పసుపురంగుకు తిరిగింది. పక్క పొలం బీరయ్య ఊరుకోలేదు.

"ఏంది మంగన్నా, మీ మడికి కామెర్లయినయా?"

నలభై ఏళ్లు సేద్యం చేసిన మంగయ్యకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మరునాడు తెల్లవారకముందే ఆ మడిలో తట్టెడు యూరియా చల్లి వచ్చాడు.

శనివారం వచ్చిన ఊర్మిళ, కళకళలాడుతున్న మడిని చూసి పెట్టె కింద పెట్టేసింది.

"ఆకలైతున్న పంటను సూడలేకపోయిన బిడ్డా," అన్నాడు మంగయ్య.

ఆమె ఒక్క పరుషమైన మాట అనలేదు. "పర్వాలేదు మంగయ్యగారూ. ఇక్కడి లెక్క చెడితే యాసంగి పంటకు వేరే జిల్లాకు మారమన్నారు మా గైడు సారు," అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వంశీ తండ్రి ముందు ఒక కాగితం పెట్టాడు.

"నాయినా, యాసంగిల ఆ మడి జోలికి పోనని సంతకం పెట్టు."

"ఆ పిల్ల మడి కోసమే వస్తదా, నీ కోసం గూడనా?"

"తెల్వది. రాకుంటె మాత్రం నాకు మంచిగుండదు."

మంగయ్య కొడుకు ముఖంలోకి నిదానంగా చూసి, సంతకం చేశాడు. వంశీ మోటారు సైకిల్ మీద కోదాడ వెళ్లి కాగితం అందించాడు.

"మళ్లీ మీ నాన్నగారి మనసు కరిగితేనో?" అంది ఊర్మిళ.

"నేను కావలుంట. మా నాయినకూ, బీరయ్యకూ, ఎవలకైనా."

ఆమె నవ్వు దాచుకోలేకపోయింది. ఆ కాగితాన్ని చూసి సారు కూడా ఒప్పుకున్నారు.

అయితే వంశీకి కాపలా పని దక్కనే లేదు. యాసంగిలో మడి పసుపుబారిన నాటి నుంచి మంగయ్యే గట్టు మీద కూర్చున్నాడు.

"మళ్ల కామెర్లేనా అన్నా?" అన్నాడు బీరయ్య.

"గది దేశాల లెక్కల మడి. జర దూరం జరుగు," అన్నాడు మంగయ్య మీసం సవరించుకుంటూ.

ఏప్రిల్‌లో కోతలయ్యాక ఊర్మిళ అచ్చయిన పట్టికతో ఇంటికి వచ్చింది. ఇదే పద్ధతిలో కొలిచిన ఏడు దేశాల వరిమళ్ల కింద, ఎనిమిదో వరుసలో వేములపల్లి ఉంది.

"సగం యూరియా వేసిన మడి వదిలిన వాయువు అంచనాలో సగం కూడా లేదండి. దిగుబడి దాదాపు సమానమే. పట్టికలో అన్నిటికంటే తక్కువ అంకె ఇదే."

మంగయ్య ఆ వరుస మీద వేలు పెట్టాడు. "అంటే మనం గెలిచినట్టేనా బిడ్డా?"

"గెలిచాం మామయ్యా."

అన్నాళ్లూ ఆయన ఆమెకు మంగయ్యగారే. వంశీ చేతిలోని చెంబు నీళ్లు చాప మీద ఒలికాయి. తల్లి యశోద అతనికంటే ముందే తేరుకుంది.

"ఇగ కోదాడ ఎప్పుడు పోదాం?" అని భర్తను అడిగింది.

"రేపే. ఈ కాయితం గూడ వాళ్ల నాయినకు సూపియ్యాలె."

వంశీ ఊర్మిళ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నన్నొక మాట అడగరా?"

"అడగాల్సింది మీరండీ. రెండు పంటల కాలం ఎదురుచూశాను."

"అయితె అడుగుతున్న."

"ఒప్పుకున్నాను," అంది ఊర్మిళ, సూటిగా అతని కళ్లలోకి చూస్తూ.