కుడి చెంగు పైకి వేసిన బొమ్మ

రాజకుమారికి ముప్పై ఆరేళ్లు. మొగుడిది ఏ షిఫ్టయినా, సైరన్ మోగేలోపు క్యారియర్ కట్టి అతని చేతికి అందిస్తుంది.

వాళ్లుండే బొగ్గుగని కాలనీ చివరి లైనులో పన్నెండో నంబరు క్వార్టర్ మంచిది కాదంటారు. బ్లాస్టింగులకు గోడలు పగిలి ఖాళీ అయింది. అందులో ఎవరో ఆడమనిషి ఉరేసుకుందట. ఎవరు? ఎప్పుడు? ఒక్కరూ పేరు చెప్పలేరు. చీకటి పడ్డాక ఆడవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టడానికి, చచ్చిన ఆడదానికి పేరెందుకు?

ఈ మధ్య అది గుమ్మంలో నిలబడుతోందని పుకారు. పొడవాటి అంగీ... వేలాడే చేతులు... ముఖం మాత్రం లేదు!

ఆ రాత్రి అత్త సారవ్వకు ఆయాసం ఎక్కువైంది. మందులు నిండుకున్నాయి. మొగుడు జైపాల్ సెకండ్ షిఫ్టుకని పోయాడు. మందుల షాపుకు దగ్గరి దారి పన్నెండో నంబరు ముందు నుంచే.

"గా తొవ్వల పోకు బిడ్డా..."

"నువ్వు ఊపిరి తీసుకో అత్తమ్మా. దెయ్యం సంగతి నేను చూసుకుంట."

తొమ్మిది దాటింది. కరెంటు లేదు. కానీ ఆ గుమ్మం... వెలుగుతోంది.

గుమ్మం నిండా ఒక మనిషి — పొడవాటి అంగీ, మోకాళ్ల దాకా జారిన చేతులు. సన్నగా ఊగుతోంది. ముఖం ఉండాల్సిన చోట తెల్లగా... ఏమీ లేదు.

రాజకుమారి ఆగి చూసింది. దాని ఛాతీ మీద అంగీ కుడి చెంగు ఎడమ చెంగు మీదికి వచ్చి ఉంది.

శవానికి కట్టే తీరు!

అది ఆమెకెట్ల తెలుసంటారా? ఫోన్‌లో జపాన్ బొమ్మలు గీయడం నేర్పే టీచరమ్మ చెప్పింది. "కొత్తవాళ్లు ముఖం జోలికి పోవద్దు. మెడకు ఒక గీత, వీపుకు ఒక వంపు, నడుముకు వెడల్పు పట్టీ. కిమోనో అంగీకి ఎడమ చెంగే పైన. కుడిది పైకొస్తే చచ్చినవాళ్లకు కట్టినట్టు." గీసేటప్పుడు రాజకుమారి తన ఎడమ వైపునే బొమ్మ ఎడమ అనుకుంది. రంగు ఆరాక గాని తప్పు తెలియలేదు.

పాత దుప్పటి మీద ఆమె గీసిన నిలువెత్తు బొమ్మ. బెండకాయ కోసి అద్దిన పూలు. మంచిర్యాల బడిలో డ్రాయింగ్ టీచర్ ఉద్యోగానికి అడిగిన నమూనా. జైపాలే తీసుకుపోయాడు. వచ్చి చెప్పాడు: "నవ్విండ్రే. ముఖం లేని బొమ్మేందన్నరు. ఆడ్నే పడేసొచ్చిన." ఆరు వారాలుగా ఆమె కుంచె ముట్టలేదు.

ఒక్కడుగు ముందుకు వేసింది. ఇంకొకటి...

అంగీ నిండా బెండకాయ పూలు.

బట్ట వెనక గుసగుస — "అంజీ, దీపం ఎనుకకు జరుపు. బట్ట అంటుకుంటది."

జైపాల్ గొంతు.

"మా అక్క కష్టం బూడిదైతదా ఏంది బావా!" అన్నాడు ఆమె తమ్ముడు అంజి. నవ్వులు... పేక కలుపుతున్న చప్పుడు.

"గిది ఉన్నన్ని రోజులు ఒక్క ఆడది గిటు రాదురా. అయినా, గా నౌకరీ వస్తే నాకు క్యారియర్ ఎవలు కడ్తరు?" అన్నాడు జైపాల్.

పగిలిన గోడ సందులోంచి చూసింది. పేకల పక్కన షిఫ్టుకని ఆమె కట్టిన క్యారియర్. గిన్నెలన్నీ విప్పి నలుగురు నంజుకుంటున్నారు.

రాజకుమారి కేక పెట్టలేదు. చీకట్లోంచి చెయ్యి చాపి, బట్టను ఒక్క గుంజు గుంజింది.

"దెయ్యం!" అని అరిచింది లోపలి మగవాళ్లే.

సారవ్వకు మందులు తెచ్చి వేసింది. తెల్లారి ఆ బట్ట చుట్టుకుని మొదటి బస్సుకు గోదావరి దాటి మంచిర్యాల బడికి పోయింది. "మీ పేరుతో బొమ్మేదీ రాలేదమ్మా. గడువు ఇంకా ఉంది," అన్నాడు బడి గుమస్తా. బొమ్మను తప్పు చెంగుతోనే ఇచ్చి వచ్చింది. జూన్‌లో ఉద్యోగంలో చేరింది. జైపాల్‌కు మళ్లీ క్యారియర్ కట్టలేదు.