టవర్ మీద ఆకుపచ్చ బిళ్ళ

"ఎర్ర బిళ్ళ కడితే పిట్టలు ఎగిరిపోతాయి. ఆకుపచ్చది కట్టు" అంది మేజర్ లిటియా.

చెవిలో ఇమిడిన బుల్లి రేడియోలో పై అధికారి మాట వినేసరికి ఏజెంట్ అపిసాయి సువా దీవిలో ఊరి మీది కొండపై, ప్రసార టవర్ మూడో అంతస్తులో ఉన్నాడు. వేషం సేఫ్టీ ఇన్‌స్పెక్టర్‌ది. ఇంట్లోవాళ్ళకు కూడా అతను ఇన్‌స్పెక్టరే. చేతిలో మీటర్. తరంగాల బలం మనిషి ఒళ్ళు తట్టుకునే హద్దు దాటితే కూస్తుంది. ఇప్పుడు కూస్తోంది. నక్షాలో లేని యాంటెనా ఒకటి తెల్ల పెట్టె మాటున, టవర్ కరెంటునే వాడుకుంటూ దాక్కుని ఉంది.

ఇవాళ్టిది పరీక్షే. మర్నాటి మధ్యాహ్నం గస్తీ పడవ బయలుదేరగానే విదేశీ ముఠా ఆ యాంటెనాని పూర్తి బలంతో నడిపి, పడవ రేడియోని మూగ చేస్తుంది. ఆ సందులో మత్తుమందుల ఓడ జారుకుంటుంది. ఈ కబురు తెచ్చింది మడలీన్. టవర్ మీద చోటు అద్దెకిచ్చే కంపెనీ మేనేజర్, చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేని అందగత్తె. ముఠాలో ఉంటూ మేజర్‌కి పనిచేస్తోంది. ఆపరేటర్ ఊళ్ళో హోటల్లో ఉంటాడని, మీట నొక్కగానే పట్టుకోవచ్చని చెప్పింది. అందాకా యాంటెనా సంగతి బయటపడకూడదు.

నిబంధన ప్రకారం ఎర్ర బిళ్ళ కట్టి పైకి ఎవరినీ రానివ్వకూడదు. అపిసాయి ఆకుపచ్చది కట్టి దిగాడు.

కింద సెవనాయా ఉడికించిన కసావా దుంప తింటున్నాడు. టవర్లెక్కే పనివాడు, అపిసాయికి మేనమామ కొడుకు.

"నీ మీటర్ కూత ఇక్కడిదాకా వినబడింది బావా. నీ మొహం చూసి జడుసుకుందా?"

"బ్యాటరీ అయిపోవచ్చింది."

"నా గుండెకి పేస్‌మేకర్ పెట్టారు కదా. బలమైన తరంగాల దగ్గరికి పోవద్దన్నాడు డాక్టరు. రేపు ఏదైనా పని పడితే ఎక్కొచ్చంటావా?"

"ఎక్కు బావా. చూసే కట్టాగా బిళ్ళ."

అపిసాయి పక్కకి వెళ్ళాడు. మేజర్‌కి చెబితే, రేపు ఎవరూ ఎక్కకుండా చూస్తానంది. ఆ మాట పట్టుకుని ఊరుకున్నాడు.

తెల్లారేసరికి టవర్ కొన మీద విమానాలకు పెట్టిన దీపం ఆరిపోయింది. మధ్యాహ్నం పొదల చాటునుంచి అపిసాయి తలెత్తి చూస్తే, దాన్ని మార్చడానికి ఎక్కిన సెవనాయా అప్పటికే రెండో అంతస్తు దాటుతున్నాడు. వేసిన కేకని గాలి ఎత్తుకుపోయింది.

"మడలీన్ సంకేతం అందింది, 'రేవులో వాన' అని. ఇక మీట నొక్కుతారు" అంది చెవిలో మేజర్. "హోటల్ చుట్టూ మనవాళ్ళున్నారు. ఎవరూ కదలొద్దు."

"పైన మనిషున్నాడు. గుండెలో మిషన్ ఉన్నవాడు."

"ఇప్పుడు ఆపితే ఎవరూ చిక్కరు అపిసాయి."

"బిళ్ళ కట్టింది నేను మేడమ్."

చెవిలో రేడియో పీకి పారేసి పరుగెత్తాడు. టవర్ పాదం దగ్గర, ప్రమాదమొస్తే ఎవరైనా నొక్కడానికి పెట్టిన ఎర్ర బొత్తాం ఉంది. సెవనాయా చెయ్యి మూడో అంతస్తు కమ్మీ మీద పడింది. తెల్ల పెట్టె సన్నగా గుయ్యిమనడం మొదలుపెట్టింది. అపిసాయి బొత్తాం మీద గుద్దాడు. టవర్ మొత్తం చచ్చింది.

గేటు బయట తెల్ల కారు తలుపు తెరుచుకుంది. ఎత్తు మడమల చెప్పులు చేతబట్టుకుని మడలీన్ బురదలో పరుగెత్తుకొచ్చింది. టవర్‌కి తిరిగి కరెంటు ఇచ్చే తాళంచెవి ఆమె వేళ్ళ మధ్య ఉంది. హోటలూ ఆపరేటరూ, యాంటెనా జోలికి ఎవరూ పోకుండా ఆమె అల్లిన కట్టుకథ. మీట ఆమె కారులోనే ఉంది.

"నేను మీ మనిషిని" అంది.

"మరి మళ్ళీ వెలిగించడానికి ఎందుకంత తొందర?" అంటూ అపిసాయి జేబులోంచి సంకెళ్ళు తీశాడు.

పగడపు దిబ్బ అవతల గస్తీ పడవ రేడియో నిక్షేపంగా పలికింది. ఓడ దొరికింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక అపిసాయి కావా వేళ్ళ కట్ట పట్టుకుని సెవనాయా ఇంటికి వెళ్ళి, చాప మీద తల వంచుకు కూర్చున్నాడు. అక్కడ తప్పు ఒప్పుకునే పద్ధతి అది; కట్ట పుచ్చుకుంటే క్షమించినట్టు. ప్రమాదమని తెలిసే ఎక్కమన్నానని చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పడానికి వీల్లేదు. సెవనాయా భార్య మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సెవనాయా ఇంకా కట్టని ముట్టుకోలేదు.

"ఆ రోజే నీ మొహంలో కనబడింది, ఏదో దాస్తున్నావని. బావవని ఎక్కాను."



సెవనాయా కట్ట తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "సరే, పుచ్చుకున్నాను. కానీ నీ కడుపులో ఒక్క మాట దాగదు బావా. రహస్యాలతో పనిలేని ఉద్యోగం ఏదైనా చూసుకో."